ఫ్లారెన్సత్త రెండో టవలు

మా లైన్ ఇళ్ళలో సగం మందికి పని పోయిన ఏడాది, ఫ్లారెన్సత్త ఒక్కతే తీరిక లేకుండా తిరిగింది. మా అందరికీ అదే సమస్య అయింది.

లైన్ ఇళ్ళంటే మదనపల్లెలో మిషన్ కాంపౌండు వెనకాల వరసగా ఉండే ఒంటిగది ఇళ్ళు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ కోసం ఎప్పుడో కట్టించినవి. మా నాన్న అంబులెన్స్ నడుపుతాడు కాబట్టి మాకొకటి ఉంది. పక్కది ఫ్లారెన్సత్తది. వరసకు ఆమె నాకేమీ కాదు. పుట్టినప్పటినుంచీ పక్కింట్లో ఉంది కాబట్టి అత్త. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే, చంటిపిల్ల లిల్లీని చంకనేసుకొని ఆసుపత్రి లాండ్రీలో చేరింది. తల అక్కడే నెరిసింది. దుప్పట్లు, గౌన్లు, ఆపరేషన్ గుడ్డలు. ఉడకబెట్టడం, ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం. తర్వాత ఆ పనిని బయటి వాళ్ళకెవరికో అప్పగించారు. లాండ్రీకి తాళం పడింది.

ఆఖరి రోజు ప్రార్థన చేసి, కేకు కోసి, శాలువా కప్పబోతే అత్త వద్దన్నది. శాలువా కప్పుకొని నేను యాడికి పోవాల, ఆ పాత టవళ్ళు రెండు ఇయ్యండి చాలు, అన్నది. ఆమె ఉతికీ ఉతికీ దూదిలా మెత్తబరిచిన తెల్ల టవళ్ళు. అంచున ఆసుపత్రి నీలం ముద్ర. ఈ రెండు టవళ్ళ మీదనే తర్వాత గొడవంతా జరిగింది.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మానేశాను. ఎందుకని అడిగిన వాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. ఏదీ అబద్ధం కాదు, ఏదీ పూర్తిగా నిజమూ కాదు. పొద్దున్నే కాలేజీ బ్యాగు భుజానికి తగిలించుకొని బయటపడేవాణ్ణి. భుజాన బ్యాగుంటే ఎక్కడికని ఎవరూ అడగరు. ఎక్కువసార్లు టమోటా మార్కెట్ యార్డుకు పోయి నిలబడేవాణ్ణి. ఆ ఏడాది ధర పడిపోయి, రైతులు తెచ్చిన కాయల్ని తెచ్చినట్టే రోడ్డు పక్కన కుమ్మరించి ఖాళీ క్రేట్లతో వెనక్కి పోయేవాళ్ళు. ఎర్రటి మంచి కాయలు. ఆవులు కూడా తిని తిని విసుగెత్తి అటు తిరిగి పడుకునేవి. చూస్తే నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు.

ఫ్లారెన్సత్త ఆ కుప్పల దగ్గరికే సంచి పట్టుకొని వచ్చేది. గట్టి కాయలు ఏరుకొని పోయి, చక్రాలుగా కోసి ఉప్పు పట్టించి, మూతబడిన లాండ్రీ ముందున్న బండల మీద ఎండబెట్టేది. ఆసుపత్రి దుప్పట్లు ఆరిన చోట టమోటా వరుగులు ఆరేవి. కాకులు రాకుండా పక్కనే కూర్చొని, వేడెక్కిన బండకు వీపు ఆనించి కళ్ళు మూసుకునేది. టీవీ చెడిపోతే బాగుచేయించుకోలేదు. కాఫీ రోజుకు ఒక్కసారికి దించేసింది. కానీ ఆ ఒక్కసారీ చిక్కగా, బెల్లం వేసుకొని, గడప మీద కూర్చొని, ఎవరు పలకరించినా పలక్కుండా తాగేది. నేను కాఫీ తాగేటప్పుడు ఇంట్లో లేననుకోండి అని అందరికీ చెప్పి పెట్టింది. పని పోయిన మనిషికి ఇంత భోగమేమిటని మా అమ్మ గొణిగేది. నాకూ అట్లాగే అనిపించేది. బాధపడాల్సినప్పుడు బాధపడని మనిషిని చూస్తే, వాళ్ళకేదో తెలియదా, లేక మనకు తెలియదా అని తికమకగా ఉంటుంది.

అంతలో ఆడవాళ్ళకు బస్సుల్లో టికెట్టు లేకుండా చేశారు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. మా లైన్లో ఆడవాళ్ళు ఒకసారి తిరుపతికి, ఒకసారి పుట్టింటికి పోయొచ్చి చల్లబడ్డారు. ఫ్లారెన్సత్త చల్లబడలేదు. పొద్దున పని ముగించుకొని, ఫ్లాస్కులో తన ఒక్క కాఫీ పోసుకొని, రెండు టవళ్ళు చంకలో పెట్టుకొని బస్టాండుకు పోయేది. పుంగనూరు పోయేది, తిరిగొచ్చేది. ఒక్కోరోజు పలమనేరు దాకా. దిగి ఎవరింటికీ పోదు. ఏమీ కొనదు. సాయంత్రానికి లాండ్రీ బండ మీదికి వచ్చి కూర్చుంటుంది. అప్పటికే లైన్లో ఆడవాళ్ళు చాటలు, బియ్యం పట్టుకొని అక్కడ చేరి ఉంటారు. ఆ రోజు బస్సులో విన్నది చెబుతుంది. ఎవరి కోడలు అలిగి పోయింది, ఎవరి బోరులో నీళ్ళు పడ్డాయి, ఎవరి పట్టుపురుగులు చచ్చిపోయాయి. సగంలో ఆగిపోతుంది. ఎందుకంటే ఆ చెప్పిన మనిషి సగంలోనే బస్సు దిగిపోయి ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవ రెండో టవలుతో వచ్చింది.

మా ప్రాంతంలో బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే జనం దాని వెంట పరిగెత్తి, కిటికీ కమ్మీల సందులోంచి టవలో సంచో లోపలికి వేస్తారు. గుడ్డ ఎవరిదైతే సీటు వారిది. గుడ్డ తీసి కూర్చున్నవాణ్ణి బస్సంతా తిడుతుంది. ఫ్లారెన్సత్త ఒక టవలు కిటికీ సీటు మీద వేసేది, రెండోది పక్క సీటు మీద. లోపలికెక్కి కిటికీ దగ్గర కూర్చొని, పక్కన టవలు అట్లాగే ఉంచేది. ఎవరైనా అడిగితే మనిషి వస్తుందని చెప్పేది. బస్సు బయలుదేరే వేళకు ఎవరో ఒకరికి ఆ సీటు ఇచ్చేది. ఆ ఎవరో ఎవరన్నదే అందరికీ అనుమానం.

కుప్పంలో నర్సుగా పనిచేస్తున్న లిల్లీకి, అదే ఆసుపత్రిలో ఉన్న, పుంగనూరు సొంతూరైన ఒక ఆయా ఈ కబురు మోసింది. మీ అమ్మ రోజూ ఎవరో మనిషి కోసం సీటు పడుతుందంట, అని. ఆ "మనిషి" నోళ్ళు మారి కుప్పం చేరేసరికి మగమనిషి అయ్యాడు.

లిల్లీ నాకు ఫోన్ చేసింది. వచ్చే గురువారం అమ్మను కుప్పానికి తీసుకురమ్మన్నది. దోవలో ఆ సీటు ఎవరికో కళ్ళారా చూడమన్నది. ఇక అమ్మను మదనపల్లెకు పంపేది లేదని, గది సర్ది పెట్టానని, లైన్ ఇంటి తాళం తర్వాత మా నాన్న చేత ఆఫీసులో ఇప్పించేస్తానని చెప్పింది. లాండ్రీయే లేనప్పుడు ఆ ఇల్లు ఇంకెన్నాళ్ళు ఉండనిస్తారు అన్నది. ఈ సంగతి నువ్వే అత్తకు చెప్పు అంటే, కుప్పం వచ్చినాక చెప్తాలే, ముందు నువ్వు పిలుచుకొని రా, అన్నది. కూతురింటికి పోదామంటే ఫ్లారెన్సత్త రెండో మాట లేకుండా ఒప్పుకుంది. కుప్పం దాకా బస్సు గదా!

ఆ గురువారం పొద్దున మదనపల్లె బస్టాండులో ఆమె టవళ్ళు విసరడం మొదటిసారి దగ్గరగా చూశాను. వయసైన మనిషి, మోకాళ్ళ నొప్పులు. బస్సు మలుపు తిరిగేసరికి ఎక్కడినుంచి వచ్చిందో ఆ చురుకు. రెండు టవళ్ళూ పావురాల్లాగా లోపలికి పోయి, వేటి సీట్లో అవి పడ్డాయి. నేను ఎక్కి ఆమె పక్కన కూర్చోబోయాను.

"నువ్వు వెనక్కి పోప్పా," అన్నది.

"నేను నీతోనే వస్తాండాను గదా అత్తా."

"నీ దగ్గర చెప్పేదానికి ఏముండాది? నీ మొహం నేను రోజూ సూస్తానే ఉండాను."

వెనక సీట్లో కూర్చున్నాను. చిన్నబుచ్చుకున్నాను కూడా. జనం ఎక్కుతున్నారు. కట్టె పట్టుకొని, దగ్గుతూ ఒక పెద్దాయన వచ్చి టవలు చూపించి అడిగాడు. మనిషి వస్తుందన్నది అత్త. ఇంత కఠినమేమిటని నేను అనుకునేలోపే వెనక్కి తిరిగి, నిఖిలూ, లెయ్, పెద్దాయనకు సీటియ్యి, అన్నది. లేచాను. కొత్త చీర కట్టుకున్న ఒక టీచరమ్మ అడిగింది, ఇవ్వలేదు. చెవుల్లో తీగలు పెట్టుకున్న అమ్మాయి అడిగింది, ఇవ్వలేదు. ఆ పెద్దాయన తప్ప మగవాళ్ళెవరూ ఆ పక్కకే రాలేదు. అత్త మాత్రం తలుపు వైపు చూస్తూ, సంతలో కాయలు ఏరుకునేదానిలా ఎక్కేవాళ్ళ మొహాలు చూస్తోంది.

ఆఖరున గంపలో కోడిని పెట్టుకొని ఒక ఆమె ఎక్కింది. మెట్టు మీదనే కండక్టరు వరదరాజులుతో తగువు. ఆమె పేరు మునిలక్ష్మి అని ఆధార్ కార్డు చూసి కండక్టరే గట్టిగా చదివాడు. నీకు సున్నా టికెట్టు కొడతాను, కోడికి మాత్రం లగేజీ కొట్టాల, అన్నాడు.

"యాల కొడ్తావు? అదీ ఆడదే గదప్పా," అన్నది మునిలక్ష్మి.

బస్సంతా నవ్వింది. వరదరాజులు కోడిని ఆధార్ అడగనా అని గొణుక్కుంటూ ముందుకు పోయాడు. ఫ్లారెన్సత్త పక్క సీటు మీద టవలు తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకొని, రామ్మా, ఈడ కూచో, అన్నది.

నాకు మతి పోయింది. దగ్గే పెద్దాయనకు ఇవ్వని సీటు కోడికి ఇచ్చింది.

బస్సు కదిలింది. కోడి గంప అత్త ఒళ్ళోకి వచ్చింది. మునిలక్ష్మి చెప్పడం మొదలుపెట్టింది. ఇంజన్ చప్పుడులో నాకు సగమే వినపడింది. పుంగనూరుకు ఇవతల పల్లెలో ఆమె అక్క ఉంది. గట్టు మీది చింతచెట్టు కాయల దగ్గర ఎప్పుడో మాటా మాటా అనుకొని, అప్పటినుంచీ మాటల్లేవు. ఇప్పుడు అక్కకు జబ్బు చేసి లేచిందని తెలిసింది. పిలవకపోయినా పోతోంది. ఉత్త చేతులతో పోతే దెప్పుతుంది, డబ్బులిస్తే మొహాన కొడుతుంది, కోడినైతే ఏం చేస్తుంది, దాన్ని మొహాన కొట్టలేదు గదా, అని మునిలక్ష్మి లెక్క. అత్త మధ్య మధ్యలో "ఆ, తర్వాత?" అంటోంది. అంతే. సలహా లేదు, అయ్యో లేదు. కిటికీ బయట రాళ్ళ గుట్టలు, మామిడి తోటలు, సాళ్ళ మీద పరిచిన మల్చింగ్ ప్లాస్టిక్ మెరిసే ఖాళీ చేలు పోతున్నాయి. మునిలక్ష్మి తన స్టాపు వచ్చిందని ఉలిక్కిపడి, గంప లాక్కొని దిగిపోయింది. తోవ పక్కన నిలబడి కొంగు సర్దుకుంటూ ఊరి వైపు చూస్తోంది, నడవడం లేదు. బస్సు మలుపు తిరిగింది.

పుంగనూరులో కుప్పం బస్సు కోసం కూర్చున్నప్పుడు అత్త ఫ్లాస్కు తీసి మూతలో కాఫీ పోసింది. రోజుకు ఒక్క కాఫీ. అందులో సగం నాకిచ్చింది. అది మంచిదే కానీ నన్ను ఇంకా ఇరకాటంలో పెట్టింది. ఆమె మీద నిఘాకు వచ్చినవాణ్ణి.

"అత్తా, వాళ్ళక్క తలుపు తీసుంటాదంటావా?" అన్నాను. నేను అడగాలనుకున్నది అది కాదు.

"ఏమో."

"తెలుసుకోవాలనిపించదా నీకు?"

"తెలిస్తే అయిపాయ గదా," అని కాఫీ ఊదుకుంటూ తాగింది.

అప్పుడు సూటిగా అడిగాను. ఆ సీటు ఎవరికి పడతావు, ఎందుకు పడతావు, ముసలాయనకు యాల ఇయ్యలేదు.

"ముసలాయనకు ఎవురైనా సీటిస్తారు. నువ్వు ఇయ్యలా? నేనేమన్నా పుణ్యానికి పోతాండానా బస్సులో?" అన్నది. ఒళ్ళో టవలు అంచును గోటితో నిమురుతూ చెప్పింది. "ఇన్నేండ్లూ గుడ్డలు ఉతికితి. నెత్తురు సూస్తి, పాలు సూస్తి, సీము సూస్తి. మూటలు వస్తాయి, మూటలు పోతాయి. ఎవురిదో తెలీదు. ఆ మనిషి బతికెనో పోయెనో తెలీదు. ఇప్పుడు మనుషుల్ని సూస్తాండాను. ఎవుర్ని సూడాలో నేనే ఏరుకుంటాండాను. అంతే అబ్బా. నువ్వేదో పెద్దగా అనుకోబాక."

నేనేమీ అనుకోలేదు. అనుకోవడానికి ఏమీ దొరకలేదు. రహస్యం ఉంటే పట్టుకోవచ్చు. ఇది రహస్యం కాదు. ఇదే మాట లిల్లీకి చెబితే నమ్ముతుందా?

కుప్పం బస్సులో రెండో టవలు సీటు ఒక గాజులమ్మే ఆమెకు దక్కింది. ఆమె సగం తమిళం, సగం తెలుగు. గంగవరం దాటేసరికి అత్త ముంజేతికి ఒక ఆకుపచ్చ గాజు వచ్చింది, కొన్నది కాదు, గాజులామె సైజు చూస్తానని తొడిగి తీయలేకపోయింది. తీస్తే పగులుతుంది, ఉండనీలే అని గాజులామె పలమనేరులో దిగిపోయింది. పలమనేరు నుంచి కుప్పం దాకా అత్త చేయి కిటికీ కమ్మీ మీద పెట్టుకొని ఆ గాజును ఎండలో అటూ ఇటూ తిప్పుకుంటూనే ఉంది. విధవరాలు, ఈ వయసులో. బస్సులో ఎవరేమనుకుంటారోనని నేను చుట్టూ చూశాను. ఎవరూ చూడటం లేదు. చూసినవాణ్ణి నేనే.

కుప్పంలో లిల్లీ ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర, మేడ మీద. అమ్మ కోసం సర్దిన గది నిజంగానే బాగుంది. కొత్త మంచం, కొత్త దుప్పటి, గోడకు టీవీ. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఫ్లారెన్సత్త దుప్పటి అంచును వేళ్ళతో పట్టుకొని చూసి, గంజి ఎక్కువైంది అన్నది. కిటికీ తెరిచి ఆ గోడను చూసి, మూసింది.

భోజనాలయ్యాక లిల్లీ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. ఎవరు, అన్నది. ఒక కోడి ఆమె, ఒక గాజులామె అన్నాను. నిజం చెప్పమన్నది. ఇదే నిజం అన్నాను. రోజూ ఒకడే కదా అన్నది. ఎవరూ లేరక్కా అన్నాను. ఎవరూ లేకపోవడం ఆమెకు మగమనిషి ఉండటం కంటే భయంగా తోచింది. మొహం తెల్లబోయింది. ఎవరూ లేకుండా ఊరకే బస్సులెక్కి తిరుగుతోందంటే, మా వార్డులోకి ఇట్లాంటి వాళ్ళు వస్తారు నిఖిల్, మొదట్లో ఇట్లే ఉంటుంది, తర్వాత ఇల్లెక్కడో మర్చిపోతారు, అన్నది. ఆమె నర్సు. నేను మూడో ఏడాదిలో మానేసినవాణ్ణి. ఆమె చెప్పింది నిజమేమోనని నాకూ అనిపించింది. పుంగనూరులో కాఫీ తాగుతూ విన్న మాటలు ఇప్పుడు తలుచుకుంటే ఒక పక్క నుంచి తెలివిగా, ఇంకో పక్క నుంచి తేడాగా వినపడ్డాయి.

లిల్లీ లోపలికి పోయి అమ్మకు అంతా చెప్పేసింది. ఇక ఇక్కడే ఉండాలని, లైన్ ఇల్లు ఇచ్చేస్తున్నామని. ఫ్లారెన్సత్త కూర్చున్న చోటే కూర్చొని, వరుగులు బండ మీద ఆరేసి వచ్చినాను, అన్నది. అవి మా అమ్మ ఎత్తుతుందన్నది లిల్లీ. సరే, పిల్లోణ్ణి బస్సెక్కించి వస్తాను, అని అత్త టవళ్ళు తీసుకొని లేచింది. లిల్లీ ఆ టవళ్ళు చేతిలోంచి లాక్కుంది. ఎక్కించేదానికి టవళ్ళెందుకు, నేనూ వస్తాను, అని తన చేత్తోనే పట్టుకొని మాతో బయలుదేరింది.

ముగ్గురమూ బస్టాండుకు నడిచాము. అత్త నా ముందు నడుస్తోంది. ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకొని ఉండే ఆ చేతులు ఖాళీగా వేలాడుతుంటే ఆమె ఒక్కసారిగా ముసలిదైపోయినట్టుంది. నేను ఏదో ఒకటి అనాలి. ఎవరి పక్షాన అనాలో తెలియలేదు. లిల్లీ చెడ్డది కాదు. అత్త పిచ్చిది కాదు. ఇద్దరూ సరైనప్పుడు మధ్యలో ఉన్నవాడు ఏం చేయాలో కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

స్టాండులో జనం విపరీతంగా ఉన్నారు. చాలాసేపు బస్సు లేదు. బస్సెప్పుడని అడిగి అడిగి విసుగెత్తి, లిల్లీ తన మనసులో మాట అక్కడే అనేసింది, జనం మధ్యలో.

"నువ్వు బస్సులో యాడన్నా పడిపోతే నాకు చెప్పేదెవురు మా? ఎవురికి తెలుస్తాది నువ్వు ఫలానా అని?"

ఫ్లారెన్సత్త కూతురి మొహంకేసి చూసింది.

"పక్కన మనిషి ఉంటాది గదా," అన్నది. "యాల రెండు సీట్లు పడ్తాండాననుకుంటివి?"

నేను ఉలిక్కిపడ్డాను. ఇది పుంగనూరులో నాకు చెప్పిన కారణం కాదు. అప్పుడు చెప్పింది నిజమా, ఇది నిజమా? రెండూనా? లేక కూతురికి ఏది కావాలో ఏరి ఇచ్చిందా, టమోటా కుప్పలోంచి గట్టి కాయ ఏరినట్టు? నాకు ఈ రోజుకీ తెలియదు. లిల్లీ నోరు తెరిచింది, ఏదో అనబోయింది.

అంతలో పలమనేరు బస్సు స్టాండులోకి తిరిగింది.

జనమంతా ఒక్కసారి లేచి పరిగెత్తారు. ఆ పరుగులో అందరికంటే ముందు లిల్లీ ఉంది. నర్సు చెప్పులు టపటపలాడిస్తూ, బస్సు ఆగకముందే దాని పక్కన పరిగెత్తి, వెనక నుంచి మూడో కిటికీలోంచి చేతిలో ఉన్న రెండు టవళ్ళనూ లోపలికి విసిరేసింది. ఒకటి కిటికీ సీటు మీద, ఒకటి పక్క సీటు మీద. అచ్చం వాళ్ళమ్మ విసిరినట్టే.

విసిరేశాక ఆగింది. చేయి ఇంకా గాల్లోనే ఉంది. తాను ఏం చేసిందో అప్పుడు తెలిసింది ఆమెకు. చిన్నప్పటినుంచీ స్టాండుల్లో పెరిగిన చేయి. బస్సు కనబడితే మనసును అడగదు.

నేను నవ్వలేదు. నవ్వొచ్చింది, కానీ లిల్లీ మొహం చూసి మింగేశాను.

ఫ్లారెన్సత్త నిదానంగా నడిచి వచ్చి, పట్టిన సీటు పోనీకూడదు మా, పాపం, అని బస్సెక్కింది. వెనకే నేనూ ఎక్కాను. కిటికీ దగ్గర కూర్చుంది. పక్క టవలు అట్లాగే ఉంచింది. లిల్లీ కిందనే, కిటికీ దగ్గర నిలబడింది. టవలు వెనక్కి ఇమ్మని అనలేదు. దిగమనీ అనలేదు. కమ్మీల మధ్యలోంచి వాళ్ళమ్మ చేతి గాజు చూసి, ఇదెక్కడిది అన్నది. పక్కన కూచున్నామె తొడిగె, తీసేదానికి రాలేదు, అన్నది అత్త. నీకు బాగుండాది అన్నది లిల్లీ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నర్సులా లేదు.

డ్రైవరు ఎక్కి హారను కొట్టాడు. అత్త కూతురి వైపు, పక్క సీటు వైపు చూసింది. ఎక్కు, పలమనేరు దాకా వచ్చి తిరిగి పో, నీకూ ఉచితమే గదా, అన్నది. డ్యూటీ ఉండాది మా, అన్నది లిల్లీ. తర్వాత కమ్మీ పట్టుకొని, ఎవరికీ వినపడకూడదన్నట్టు చెప్పింది.

"వచ్చే వారం ఆఫ్ రోజు పుంగనూరు దాకా వస్తా. నాకు సీటు పట్టు."

"పడ్తా. తిట్టేదుంటే మాత్రం వెనక సీట్లో కూచో."

బస్సు కదలబోతుంటే, ఇప్పుడైనా ఆ సీటు నాదేననుకొని నేను ఒక అడుగు ముందుకు వేశాను. పొద్దుటినుంచీ నిలబడ్డాను. పైగా ఇప్పుడు నా దగ్గర చెప్పడానికి బోలెడంత ఉంది. అత్త నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. చేతిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుకొని, చెమటలు కారుతూ ఒకామె ఎక్కుతోంది, ఎవరినో ఫోన్లో తిడుతూ, నవ్వుతూ. అత్త టవలు తీసింది.

"రామ్మా, ఈడ కూచో," అన్నది.

నేను కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. వెనక కిటికీలోంచి లిల్లీ చిన్నదవుతూ కనిపించింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. లైన్ ఇల్లు ఎన్నాళ్ళుంటుందో, వచ్చే వారం లిల్లీ నిజంగా వస్తుందో రాదో, మునిలక్ష్మి అక్క తలుపు తీసిందో లేదో, ఒక్కటీ తేలలేదు. నిలబడినవాళ్ళ సంచులు కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవడం మా బస్సుల్లో ఆనవాయితీ. అత్త చేయి చాచి నా బ్యాగు అడిగింది. ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకొని బరువు చూసింది.

"ఏముండాదిరా దీంట్లో?"

"ఏం లేదత్తా."

"ఏం లేకుండా ఇంత పెద్ద బ్యాగు యాల మోస్తాండావు?"

నేను ఏదో చెప్పేలోపే, మంచిదే, తేలిగ్గా ఉండాది, అని దాని మీద మోచేతులు ఆనించుకొని కుర్చీలామె వైపు తిరిగింది. "ఆ, తర్వాత?" అన్నది.

కుర్చీలామె గొంతు తగ్గించి మొదలుపెట్టింది. ఇంజన్ చప్పుడులో నాకేమీ వినపడలేదు. కమ్మీ పట్టుకొని, వినపడేంతవరకూ కిందికి వంగాను.